మాకంటే ముందే బయల్దేరిన నీలం పెట్టె

మొన్న ఆదివారం మా పక్క ఫ్లాట్ కుర్రాడు టీకి వచ్చాడు. డిసెంబర్‌లో పిల్లల్ని తీసుకుని మాంట్రియల్ వెళ్తున్నారట. "అంకుల్, మీరు ఎప్పుడో వెళ్ళొచ్చారట కదా. పిల్లలతో, అంత చలిలో, ఎలా ప్లాన్ చేసుకోవాలో కొంచెం టిప్స్ చెప్పండి" అన్నాడు.

నేను గొంతు సవరించుకున్నానో లేదో, వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు! బెంగళూరు నుంచి మా అమ్మాయి ఫోన్ లైన్లోనే ఉంది, స్పీకర్‌లో అదీ నవ్వు!

"నాన్నని టిప్స్ అడగండి, తప్పకుండా అడగండి" అంది మా అమ్మాయి. "ఆయన ఏమేం చేశారో అన్నీ రాసుకుని, అవి మాత్రం చెయ్యకండి."

సరే, చెబుతాను. ఇంట్లో పరువు ఎలాగూ లేదు, అపార్ట్‌మెంట్‌లో మాత్రం ఎందుకు?

అవి సాఫ్ట్‌వేర్ గాలి గట్టిగా వీస్తున్న రోజులు. సికింద్రాబాద్‌లో ఏ బస్సెక్కినా, ఒళ్ళో కంప్యూటర్ పుస్తకం పెట్టుకుని కునికిపాట్లు పడే మనిషి ఒకరైనా కనిపించేవారు. మా ఇంట్లో ఆ మనిషి సుజాత, అంటే మా ఆవిడ. స్కూల్లో లెక్కల టీచర్. సాయంత్రం బడి అవగానే అమీర్‌పేట్ వెళ్ళి కోర్సు నేర్చుకుని, 'ఇదంతా మనకి అవసరమా' అని నేను ఇంకా ఆలోచిస్తూ ఉండగానే ఉద్యోగం తెచ్చేసుకుంది. నేను రైల్వేలో అకౌంట్స్ క్లర్కుని. మౌలాలిలో క్వార్టర్. మా ఇద్దరిదీ పార్వతీపురం వైపు. చుట్టాలందరూ అక్కడే. ఇక్కడ పిల్లలకి జ్వరం వస్తే చూసుకోవడానికి నేనూ, థర్మామీటరూ, అంతే.

ఏడాది తిరక్కుండా కంపెనీవాళ్ళు సుజాతని ప్రాజెక్టు మీద మాంట్రియల్ పంపారు. ఆరు నెలలన్నారు. అవి అయ్యాక ఇంకో ఆరు నెలలన్నారు. కెనడాలో ఊరే గానీ జనం మాట్లాడేదంతా ఫ్రెంచ్. "బస్సు మీద బోర్డు నుంచి పాల ప్యాకెట్ దాకా అంతా ఫ్రెంచేనండీ. చలికి మాత్రం భాష అక్కర్లేదు, నేరుగా చెప్పేస్తుంది" అనేది ఫోన్లో.

ఆవిడ వెళ్ళేనాటికి మా అమ్మాయి స్వాతికి తొమ్మిదేళ్ళు. బుజ్జిగాడికి నాలుగు కూడా నిండలేదు. ఇద్దరు పిల్లలతో ఒక్కణ్ణి. అసలే నేను జాగ్రత్త మనిషిని. పాలు ఒకసారి పొంగాక అనుమానం తీరక ఇంకోసారి పొంగించేవాణ్ణి. స్కూలు ఆటో రోజూ ఒకటే అయినా, డ్రైవరు మనవాడే అయినా, రోజూ దాని నంబరు చూసి తలాడించేవాణ్ణి. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారిలోంచి వెనక్కి వచ్చేవాణ్ణి. కట్టేసే ఉండేది. అయినా ఇంకోసారి కట్టేవాణ్ణి.

ఇన్ని సరిచూసుకుంటూ కూడా అసలైనదాన్ని చూసుకోలేదని ఒకరోజు తెలిసింది. పక్క క్వార్టర్ ఆవిడ బుజ్జిగాణ్ణి ముద్దు చేస్తూ "మీ అమ్మ ఎక్కడుందిరా?" అని అడిగింది. వాడు మా హాల్లో బల్ల మీదున్న ఫోన్ చూపించాడు.

"అందులో ఉంది" అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. లోపలికి వచ్చి తలుపేసుకున్నాక మాత్రం నవ్వు రాలేదు.

ఆ తర్వాత వాడు ఆదివారం ఫోన్ దగ్గరికి రావడం కూడా మానేశాడు. గంట మోగగానే మంచం కిందికి దూరేవాడు. సుజాత అడిగేది.

"వాడేడీ?"

"నిద్రపోతున్నాడు."

"అక్కడ పొద్దున్న పది కదండీ?"

"ఆదివారం కదా..."

ఆవిడ మెల్లగా, "వాడు నన్ను మర్చిపోతున్నాడు కదూ?" అంది.

"ఛ ఛ! ఛ ఛ!" అన్నాను. అబద్ధం చెప్పేటప్పుడు నేను ప్రతిదీ రెండుసార్లు అంటానని ఆవిడకి పెళ్ళైన కొత్తలోనే తెలుసు.

"చూడండి, నాకు ఇప్పట్లో సెలవు ఇవ్వరు. క్రిస్మస్ సెలవులకి మీరే పిల్లల్ని తీసుకుని రండి. వాడు నా దగ్గరికి రాకుండా మీ వెనక దాక్కున్నాడనుకోండి, నేను రాజీనామా కాగితం పడేసి మీతోపాటే వచ్చేస్తాను. నాకీ ఉద్యోగం వద్దు."

ఆ ఉద్యోగం ఆవిడ ఎంత కష్టపడి తెచ్చుకుందో నాకు తెలుసు. వాణ్ణి దూరం చేసుకుని ఆ ఉద్యోగం చెయ్యలేదనీ తెలుసు. ఇక ఆ ప్రయాణం సరిగ్గా జరిపించడం నా బాధ్యత అయింది. నా బాధ్యత అంటే ఏమిటో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది.

పాస్‌పోర్టులు, వీసాలు, ఆఫీసులో సెలవు, టికెట్లు, ఇవన్నీ ఎలా సాధించానో చెప్పాలంటే ఇంకో రెండు టీలు కావాలి. వదిలేద్దాం. బేగంపేట నుంచి మధ్యాహ్నం బొంబాయి ఫ్లైటు. అక్కణ్ణుంచి ఇంకోటి, ఆపైన ఇంకోటి. బయల్దేరేది శుక్రవారం.

ఈలోగా బుజ్జిగాడికి ట్రైనింగ్ మొదలుపెట్టాను. గోడ మీద సుజాత ఫొటో ఉంది. ఆకుపచ్చ పట్టుచీర, తల్లో పూలు. రోజూ పొద్దున్నే వాణ్ణి ఎత్తుకుని దాని ముందు నిలబడేవాణ్ణి.

"ఎవర్రా?"

"అమ్మ."

"ఎయిర్‌పోర్ట్‌లో ఎవరుంటారు?"

"అమ్మ."

"కనపడగానే ఏం చెయ్యాలి?"

"దగ్గరికెళ్ళాలి."

"వేరేవాళ్ళు పిలిస్తే?"

"వెళ్ళకూడదు."

స్వాతి జడలు అల్లుకుంటూ చూసేది. "నాన్నా, వాడికి అమ్మని చూపిస్తున్నావా, స్కాలర్‌షిప్ పరీక్షకి చదివిస్తున్నావా?" అనేది.

అంతా సవ్యంగా సాగుతూ ఉండగా పార్వతీపురం నుంచి మా అమ్మ ఫోన్.

"ఏటిరా, శుక్రవారం ఎల్తన్నారట?"

"అవునమ్మా."

"ఎటేపు?"

"అదేంటమ్మా, కెనడా. పడమర."

"ఓలమ్మో! శుక్రవారం పడమటికి వారశూల కాదేటిరా! సిన్నపిల్లల్ని ఎట్టుకుని శూలకి ఎదురెల్తావేటి?"

"టికెట్ మారదమ్మా."

"మారకపోతే పోనీ. ప్రస్థానం పెట్టీ. బుధవారం పొద్దున్న మంచి గడియుంది. ఓ తువ్వాల్లో ఇన్ని బియ్యం, పసుపుకొమ్ము కట్టి, పడమటేపు తెలిసినోళ్ళింట్లో పెట్టీ. ఎల్లినప్పుడు దార్లో తీసుకో. మళ్ళీ ఇంటికి మాత్రం తేకు, తెస్తే ఎనక్కొచ్చీసినట్టే."

మీ తరంవాళ్ళకి తెలియదేమో, ప్రస్థానం అంటే ఏం లేదు. మంచి టైముకి మనకి బయల్దేరడం కుదరకపోతే, మన వస్తువు ఒకటి ఆ టైముకి బయల్దేరదీసి దారిలో ఎవరింట్లోనైనా పెడతాం. మనమే బయల్దేరినట్టు లెక్క. తర్వాత వీలైనప్పుడు మనం వెళ్ళి దాన్ని కలుసుకుంటాం.

ఇంకొకరైతే తువ్వాలు కట్టి చేతులు దులుపుకునేవారు. నేను కూర్చుని ఆలోచించాను. పిల్లల ప్రయాణం. సముద్రాలు దాటాలి. దీనికి ఒక తువ్వాలా? వోచర్ లేకుండా ఆఫీసులో పావలా బిల్లు పాస్ చెయ్యని మనిషిని, దేవుడి దగ్గరికి ఉత్తుత్తి తువ్వాలుతో వెళ్తానా? కుదరదు. నిజమైన సామానే పెట్టాలి. కొత్తగా కొన్న నీలం సూట్‌కేస్ ఉంది. పిల్లల స్వెట్టర్లు, మంకీ క్యాపులు, చేతి తొడుగులు అన్నీ అందులోనే సర్దాను. పెట్టె మూత వెయ్యబోతూ ఇంకో ఆలోచన వచ్చింది.

ప్రయాణం చేసేది ఎవరు? మేము. విమానంవాళ్ళ దృష్టిలో మేమంటే ఎవరు? మా పాస్‌పోర్టులే కదా! మేము బయల్దేరినట్టు లెక్క కావాలంటే అవి బయల్దేరాలి.

మూడు పాస్‌పోర్టులు, టికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి స్వెట్టర్ల మధ్య పెట్టాను. పెట్టెకి తాళం వేశాను. గుర్తు కోసం స్వాతి జడ రిబ్బన్, ఎర్రది, హ్యాండిల్‌కి కట్టాను. పేరు రాసిన చీటీ మాత్రం పెట్టె లోపలే పెట్టాను. బయట అంటిస్తే దొంగలకి మన అడ్రసు మనమే ఇచ్చినట్టు కాదూ?

ఇక పడమటివైపు ఇల్లు. అదీ దొరికింది. మా ఆఫీసులో యాదగిరన్న ఉండేవాడు, నాకంటే పెద్దవాడు. రాంగోపాల్‌పేట్‌లో తాతలనాటి ఇల్లు. మౌలాలికి సరిగ్గా పడమర, పైగా బేగంపేట పోయే దారే.

"దానికేంది మూర్తీ, గింత పరేషాన్ ఎందుకు? మా ఇంట్ల పెట్టు. మీ అక్క చెయ్యి మంచిదని అందరు మా ఇంట్లనే పెడుతున్నరు" అన్నాడు.

'అందరూ' అన్న మాట నేను పట్టించుకోలేదు. అక్కడే పట్టించుకోవాల్సింది.

బుధవారం పొద్దున్న ఆటోలో పెట్టెని తీసుకెళ్ళాను. యాదగిరన్న భార్య పద్మక్క గుమ్మంలో పసుపు నీళ్ళతో ఎదురొచ్చింది. ముందు గదిలోకి అడుగు పెట్టి ఆగిపోయాను. గది నిండా పెట్టెలు! స్టేషన్లో లగేజీ గది లాగా ఉంది. ప్రతి పెట్టెకీ కుంకుమ బొట్టు, మూలన అగరొత్తులు.

"ఇవన్నీ ఏంటక్కా?"

"ఏం జెప్పాలె తమ్మీ! పోయినేడు మా అక్క కొడుకు పెట్టె ఈడ పెట్టిన. వాడు మంచిగ అమెరికా చేరిండు, పోయినంక పెద్ద నౌకరి సుత దొరికింది. ఇగ షురూ అయింది. నాచారమోళ్ళు, ఉప్పలోళ్ళు, మల్కాజిగిరోళ్ళు, అందరి పిల్లలు పోయేది పడమటికే కదా! అందరికి పడమట ఉన్నది నా ఇల్లే. పొద్దుగాల లేస్తే నాకు దేవుని దీపం కన్న ముందు ఈ పెట్టెల దీపమే అయింది."

ఊరంతా పడమటికి పోతున్న కాలం అది. ఆ గది చూస్తే ఆ సంగతి తెలిసిపోయేది. నా నీలం పెట్టెని గోడ పక్కన పెట్టాను. పద్మక్క దానికి బొట్టు పెట్టింది. రిబ్బన్ చూసి "మంచిగుంది తమ్మీ, పెండ్లికూతురు లెక్క" అంది.

శుక్రవారం రానే వచ్చింది. అంబాసిడర్ టాక్సీ మాట్లాడాను. గ్యాస్ కట్టి, మళ్ళీ చూసి, స్వాతి చేత కూడా చూపించి, తాళం వేసి, తాళం లాగి చూసి బయల్దేరాం. రాంగోపాల్‌పేట్‌లో యాదగిరన్న, పద్మక్క మమ్మల్ని సాగనంపడానికి ముస్తాబై ఉన్నారు. ఆయన స్కూటర్ మీద, ఆవిడ మాతో టాక్సీలో. ఆ రోజుల్లో విమానం ఎక్కేవాళ్ళకంటే ఎక్కించేవాళ్ళే ఎక్కువ వచ్చేవారు.

నేను గబగబా లోపలికి వెళ్ళాను. గుమ్మం పక్కనే నీలం పెట్టె. ఎర్ర రిబ్బన్. ఎత్తాను. కాస్త బరువుగా తోచింది. బుధవారం నేను మోసినప్పుడు ఇంత బరువు లేదే అనుకున్నాను. వెంటనే నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, ఆందోళనలో ఉన్నప్పుడు ఏదైనా బరువుగానే ఉంటుందని. డిక్కీలో పెట్టాం. పద్మక్క ఇంటికి తాళం వేసి, తాళంచెవి కొంగుకి ముడేసుకుంది.

బేగంపేట. ఇప్పుడా ఎయిర్‌పోర్ట్ ముందునుంచి వెళ్తుంటే బోసిగా ఉంటుంది గానీ, అప్పట్లో పూలదండలతో, ఏడుపులతో, ఫొటోలతో పెళ్ళిపందిరిలా ఉండేది. మేం గుమ్మం దాకా వెళ్ళాం. తుపాకీ పట్టుకున్న జవాను చెయ్యి చాపాడు.

"టికెట్ దిఖాయియే."

"ఏక్ మినిట్" అన్నాను దర్జాగా. పెట్టె పక్కకి తీసుకెళ్ళి పేవ్‌మెంట్ మీద పడుకోబెట్టాను. మెళ్ళో తాడుకి వేలాడుతున్న తాళంచెవి తీసి పెట్టాను. వెళ్ళలేదు. తిప్పి పెట్టాను. వెళ్ళలేదు. పర్సులో ఇంకో తాళంచెవి ఉంది, జాగ్రత్త కోసం. అదీ వెళ్ళలేదు.

"కొత్త తాళం గదా, పట్టేసి ఉంటది" అన్నాడు యాదగిరన్న. "జెర జరుగు." స్కూటర్ డిక్కీలోంచి పానా తెచ్చి ఒక్క దెబ్బ వేశాడు. తాళం ఊడి పడింది. నేను మూత ఎత్తాను.

లోపల ప్రెషర్ కుక్కర్!

"నాన్నా, మనం కుక్కర్ కూడా తీసుకెళ్తున్నామా?" అంది స్వాతి.

కుక్కర్ కింద చీరలు. చీరల కింద గోంగూర పచ్చడి డబ్బా, నూనె కారకుండా నాలుగు కవర్లు చుట్టి. దాని పక్కన లావుపాటి పెళ్ళి ఆల్బమ్. నేను పిచ్చిపట్టినట్టు అన్నీ పేవ్‌మెంట్ మీదికి తీస్తున్నాను, ఎక్కడైనా మా స్వెట్టర్ ఒక్కటి కనపడుతుందేమోనని. ఆల్బమ్ తెరుచుకుంది. బాసికం కట్టుకున్న అమ్మాయి, పక్కన పెళ్ళికొడుకు. ఎవరో నాకు తెలియదు.

బుజ్జిగాడు వంగి శ్రద్ధగా చూశాడు. పెళ్ళికూతురి మొహం మీద వేలు పెట్టాడు.

"నాన్నా, ఎయిర్‌పోర్ట్‌లో ఉండేది ఈ అమ్మా?"

నా ట్రైనింగ్ మొత్తం ఆ పేవ్‌మెంట్ మీద కూలిపోయింది. ఈలోగా పద్మక్క చెంపలేసుకుంటోంది.

"అయ్యో! గిది నాచారం సారు బిడ్డది! పెండ్లయి నెల సుత కాలే. ఆదివారం పోతది పిల్ల!"

"మరి దీనికి మా రిబ్బన్ ఎందుకుందక్కా?"

"నేనే కట్టిన తమ్మీ! నీ పెట్టెకు మంచిగ అనిపించింది. తక్కినయి చిన్నబుచ్చుకుంటయేమో అని ఎర్ర రిబ్బన్ తెచ్చి అన్నిటికి కట్టిన!"

ఆవిడ ప్రేమకి అడ్డులేదు, నా తెలివికి హద్దులేదు.

"మాట్లాడుకుంట నిలబడ్తరా?" అని యాదగిరన్న అరిచాడు. "పద్మా, తాళంచెవి ఇయ్యి. నువ్వు పిల్లలను చూస్కో, ఆ పచ్చడి డబ్బ మీద ఎవరు కాలెయ్యకుండ చూడు. మూర్తీ, ఎక్కు!"

స్కూటర్ ఎగిరింది. మినిస్టర్ రోడ్డు మీద ఆయన బండి తోలిన తీరు చూసి, నేను హెల్మెట్ లేదన్న సంగతి తలుచుకుని కళ్ళు మూసుకున్నాను. ఇల్లు చేరాం. ముందు గది తలుపు తీస్తే ఎటు చూసినా ఎర్ర రిబ్బన్లు! నీలం పెట్టెలే ఇంకా నాలుగైదు ఉన్నాయి. అప్పట్లో నీలం ఫ్యాషన్. మొదటి దానికి తాళంచెవి పెట్టాను. కాదు. రెండోది. కాదు. మూడోది 'టక్' అంది. నా ప్రాణం లేచొచ్చింది. స్వెట్టర్లు. మంకీ క్యాపులు. ప్లాస్టిక్ కవరు. కవరు విప్పి పాస్‌పోర్టులు తీసి ఒక్కొక్కటి తెరిచి ఫొటోలు చూస్తున్నాను.

"ఏం జేస్తున్నవ్?"

"మావేనా అని..."

"నీ మొకం నీకు తెల్వదా? ఎక్కయ్యా బాబూ!"

తిరుగు ప్రయాణంలో మా ఇద్దరి మధ్యా పెట్టె. నాకు ముందు ఏమీ కనపడదు, యాదగిరన్న వీపుకి పెట్టె మూల గుచ్చుకుంటోంది. గుంత వచ్చినప్పుడల్లా ఆయన "హా" అనడం, నేను "సారీ అన్నా" అనడం. బేగంపేట చేరేసరికి ఫ్లైటు టైము దగ్గరపడిపోయింది. కౌంటర్ దగ్గరికి పరుగెత్తి రొప్పుతూ టికెట్లు ఇచ్చాను.

ఆ అమ్మాయి తాపీగా తలెత్తింది. "ఫ్లైట్ లేట్ సర్. ఢిల్లీలో ఫాగ్. విమానం అక్కణ్ణుంచి ఇంకా బయల్దేరనే లేదు."

ఎక్కడో ఉత్తరాదిలో పడ్డ మంచు మమ్మల్ని కాపాడింది. చలికాలానికి భయపడి అంత సామాను సర్దానా, ఆ చలికాలమే చెయ్యి పట్టుకుని విమానం ఎక్కించింది. బయటికి వచ్చి పద్మక్కకి నా తాళం ఇచ్చాను, ఆ పిల్ల పెట్టెకి వెయ్యమని. మా పెట్టెకి రిబ్బనే గట్టిగా రెండు ముళ్ళు వేశాను.

"ఏం కాదులే తమ్మీ. ఆ పిల్ల పెట్టె సుత ముందే ఎయిర్‌పోర్ట్ చూసొచ్చిందని చెప్త. మంచిదే అంటరు" అంది పద్మక్క. మమ్మల్ని పంపుతూ బుజ్జిగాడి నుదుట ముద్దు పెట్టింది. యాదగిరన్న వీపు రుద్దుకుంటూ చెయ్యి ఊపాడు. వాళ్ళిద్దరూ ఇప్పుడు అల్వాల్‌లో కొడుకు దగ్గర ఉన్నారు. ఇప్పటికీ నన్ను చూడగానే ఆయన చెయ్యి ముందు వీపు మీదికే పోతుంది.

లోపల కాయిన్ ఫోన్ కనపడితే అమ్మకి చేశాను. జరిగిందంతా చెప్పాను.

"నానేటి సెప్పాన్రా నీకు?"

"ప్రస్థానం పెట్టమన్నావు."

"ఏటి పెట్టమన్నాను?"

"...తువ్వాలు."

"మరి పాస్‌పోర్టులు ఎవడు పెట్టమన్నాడ్రా?"

చిల్లర అయిపోయి ఫోన్ కట్టయింది. ఆ రోజు నాకు జరిగిన రెండో మేలు అదే.

సరే, ఎగిరాం. ఒక విమానం, ఇంకో విమానం, ఆపైన ఇంకో విమానం. చివరిదాంట్లో అంతా ఫ్రెంచే. ఆ విమానం అమ్మాయి ట్రే ఇచ్చినా, ట్రే తీసినా, మోచెయ్యి తగిలినా "పార్డన్, పార్డన్" అంటూనే ఉంది. బుజ్జిగాడు కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ అడిగాడు.

"అమ్మ ఫోన్లోంచి ఎప్పుడు బయటికొచ్చింది?"

స్వాతి నావైపు చూసింది. నేను స్వాతివైపు చూశాను.

"నువ్వు పుట్టకముందే వచ్చేసిందిరా" అంది స్వాతి. వాడు నమ్మినట్టు లేదు. ఇంత చేసీ వాడు నా కాళ్ళ వెనక దాక్కుంటే? ఆవిడ చెయ్యి చాపితే వీడు ఏడుపందుకుంటే? రాజీనామా కాగితం సంగతి సరే, ఆ క్షణంలో ఆవిడ మొహం ఎలా చూడాలి?

మాంట్రియల్‌లో దిగాం. సామాను వచ్చింది. రిబ్బన్, లోపలి చీటీ, మా మంకీ క్యాపులు అన్నీ చూసుకుని మరీ ట్రాలీ మీద పెట్టాను. అద్దాల తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా జనం. అందరూ నల్ల కోట్లలో, టోపీల్లో, ముక్కుదాకా మఫ్లర్లలో! ఎవరు ఆడో ఎవరు మగో తెలియడం లేదు. నా కళ్ళు ఆకుపచ్చ చీర కోసం వెతుకుతున్నాయి. అంత చలిలో చీర ఎవరు కడతారని నాకు తోచలేదు.

ఇంతలో, పరుపు చుట్టుకున్నట్టు ఉన్న ఒక లావుపాటి కోటు మా వైపు వచ్చింది. టోపీకి, మఫ్లర్‌కి మధ్య ఆవిరి పట్టిన కళ్ళజోడు. ఆ మఫ్లర్ లోపల్నుంచి, ఫోన్లో వచ్చినట్టు, ఒక్క మాట.

"బుజ్జీ..."

బుజ్జిగాడు తల తిప్పాడు. నా చెయ్యి విదిలించుకున్నాడు. ఒక్క పరుగు!

"ఒరే ఆగరా! వేరేవాళ్ళు పిలిస్తే వెళ్ళకూడదని చెప్పానా లేదా!" నేను ట్రాలీ వదిలేసి వాడి వెనక ఉరికాను. అప్పటికే వాడు ఆ కోటుని రెండు చేతులా కరుచుకుని ఉన్నాడు. నేను వాడి కాలర్ పట్టుకుని లాగుతూ, ఆ వచ్చిన ఒక్క ఫ్రెంచ్ ముక్కని వాడేశాను.

"పార్డన్ మదామ్! పార్డన్! వెరీ సారీ! చిన్నపిల్లాడు... పార్డన్ మదామ్!"

ఆ మదామ్ మఫ్లర్ కిందికి లాగింది. ముక్కు ఎర్రగా ఉంది. కళ్ళజోడు కిందనుంచి కన్నీళ్ళు కారుతున్నాయి, పైగా నవ్వు ఆగడం లేదు. పది నెలల తర్వాత భార్యని చూసిన మొగుడు ఏం మాట్లాడాలో నేను విమానంలో దారంతా ఆలోచించుకున్నాను. తీరా అన్నది 'పార్డన్ మదామ్'. కాలర్ పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

బుజ్జిగాడు ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసి, నన్నొకసారి ఎగాదిగా చూసి, ఆవిడ చెవి దగ్గర ధైర్యం చెప్పాడు.

"భయపడకు అమ్మా. ఈయన మా నాన్న. మంచోడే."